బండల మిద్దెపై వంగపూ రంగు గులాబీ

గులాబీ రేకుకు రంగు పట్టించేవి ముఖ్యంగా రెండు రకాల పదార్థాలు. మొదటివి ఆంథోసయనిన్లు. ఇవి రేకు కణాల్లోని రసంలో కరిగి ఉంటాయి. లేత గులాబి మొదలు రక్తపు ఎరుపు దాకా ఉన్న ఛాయలన్నీ వీటి చలవే. రెండోవి కెరోటినాయిడ్లు. క్యారెట్టుకూ బొప్పాయికీ రంగు తెచ్చే కుటుంబమే ఇది. గులాబీలో పసుపు వీటి వల్ల వస్తుంది. రెండూ లేని పువ్వు తెల్లగా ఉంటుంది. రెండూ కలిసిన పువ్వులో, ఏది ఎంత ఉంది, ఏది రేకు పైవైపు ఉంది, ఏది కిందివైపు ఉంది అన్నదాన్ని బట్టి నారింజ, రాగి, ఇటుక, చాక్లెట్ రంగులు పుడతాయి. ప్రొద్దుటూరు పూలంగళ్లలో కిలోల లెక్కన తూచి అమ్మే గులాబీకీ, నర్సరీ బండి మీద ఒక్క పువ్వుతో నిలబడి అయిదింతల ధర పలికే మొక్కకూ తేడా ఈ పాళ్లలోనే ఉంది.

ఆంథోసయనిన్లలోనూ మళ్లీ తెగలున్నాయి. సయనిడిన్ గులాబీకి పుట్టుకతో వచ్చిన సొత్తు. పెలార్గోనిడిన్ ఇరవయ్యో శతాబ్దంలో బయటపడి, మండే నారింజ ఎరుపును తెచ్చింది. జర్మనీలో టాంటావ్ అనే పెంపకందారు 1960లో విడుదల చేసిన ‘సూపర్ స్టార్’ ఆ రంగుకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. మూడోది డెల్ఫినిడిన్. కంచెల మీద పాకే శంఖుపూవుకు నీలం ఇచ్చేది అదే. దాన్ని తయారుచేసే ఎంజైము గులాబీలో లేదు. ఎంత ఓపికగా సంకరం చేసినా తల్లిలోనూ తండ్రిలోనూ లేనిది బిడ్డకు రాదు గనక, నీలి గులాబీ కోసం జరిగిన ప్రయత్నాలన్నీ వంగపూ రంగు దగ్గర ఆగిపోయాయి.

పసుపు కథ ఇంకా పాతది. యూరప్ తోటల్లో సంకర గులాబీలకు చిక్కటి పసుపు రావడం 1900తో మొదలయింది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పెర్నె-డ్యూషే అనే ఆయన పశ్చిమాసియా నుంచి వచ్చిన ‘రోసా ఫీటిడా’ జాతిని తోట గులాబీతో కలిపి ‘సోలేయ్ డోర్’ను సాధించారు. ఇవాళ్టి పసుపు, రాగి, నారింజ గులాబీలు చాలావరకు ఆ వంశమే. అయితే రంగుతో పాటు నల్లమచ్చ తెగులుకు లొంగిపోయే గుణం కూడా సంతానానికి అంటుకుంది. కడప జిల్లా వాళ్లకు ఇందులో కొంత ఊరట ఉంది. నల్లమచ్చ బీజం మొలవాలంటే ఆకు ఏడు గంటలైనా తడిగా ఉండాలి. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల గాలికి ఏడాదిలో చాలా నెలలు అంతసేపు తడిని నిలవనిచ్చే అలవాటు లేదు. వానలు పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాత్రం జాగ్రత్త పడాలి.

నీలం కోసం చివరికి జన్యువుల దాకా పోవాల్సి వచ్చింది. జపాన్‌కు చెందిన సంటోరీ, ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లోరిజీన్ 1990లో ఈ పని మొదలుపెట్టాయి. మొదట పెటూనియా పువ్వు జన్యువును తెచ్చారు. అది కార్నేషన్‌లో పనిచేసింది గానీ గులాబీలో చేయలేదు. తర్వాత పాన్సీ పువ్వు జన్యువుతో దారి దొరికింది. 2004లో ఫలితాన్ని ప్రకటించి, 2009 నవంబరులో ‘అప్లాజ్’ పేరుతో జపాన్‌లో అమ్మకానికి పెట్టారు. అప్పట్లో ఒక్కో కాడ వెల 3,000 యెన్ల దాకా ఉండేది. అంతా చేసి ఆ పువ్వు కూడా చూసేవారి కంటికి లేత ఊదాగానే కనిపిస్తుంది. డెల్ఫినిడిన్ నీలంగా కనిపించాలంటే కణరసంలో పులుపు తక్కువగా ఉండాలి. గులాబీ కణరసం పుల్లనిది. ఎర్ర గులాబీ వాడే ముందు రేకుల అంచు నీలి ఛాయకు తిరగడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. రేకు ముదిరే కొద్దీ లోపలి పులుపు తగ్గుతుంది, ఎరుపు నీలానికి మొగ్గుతుంది.

నర్సరీల్లో ‘నీలి గులాబీ’ అని అమ్మేవన్నీ వంగపూ రంగువే. వాటిలో మన దేశంలో బాగా స్థిరపడింది ‘బ్లూ మూన్’. టాంటావ్ 1964లో విడుదల చేశారు. దానికి ముందు, 1957లో అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ అనే ఆవిడ ‘స్టెర్లింగ్ సిల్వర్’తో ఈ వరసకు ఊపు తెచ్చారు. ‘ఏంజెల్ ఫేస్’, అంచుల్లో ఎరుపు దిగే ‘ప్యారడైజ్’ తర్వాత వచ్చాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి ‘నీలాంబరి’ ఈ కోవలోనిదే. వీటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది: వాసన దండిగా ఉంటుంది, ఒంట్లో బలం తక్కువ. ‘బ్లూ మూన్’ ఒక్కటి కాస్త గట్టి మొక్క. మొదటిసారి వింత రంగుకు పోయేవాళ్లకు అదే మంచిది.

గోధుమ రంగు గులాబీలు మరో లోకం. పసుపు కెరోటినాయిడ్ మీద ఊదా ఆంథోసయనిన్ పొర పడితే టీ డికాక్షన్ నుంచి చాక్లెట్ దాకా ఛాయలు వస్తాయి. జర్మనీలో కోర్డెస్ వారి ‘కేఫే’ 1956 నాటిది. ఇంగ్లండులో ‘జూలియాస్ రోజ్’, అమెరికాలో ‘హాట్ కోకో’ దీని తర్వాతి మెట్లు. మనకు దగ్గరగా ఉన్నది ‘మోహిని’. 1970 ప్రాంతంలో ఢిల్లీ సంస్థ నుంచే వచ్చిన ఈ ఫ్లోరిబండా గుత్తులుగా పూస్తుంది; రాగి కలిసిన చాక్లెట్ రంగు. ఈ సంస్థలో గులాబీల పనికి పునాది వేసిన డాక్టర్ బి.పి. పాల్ (1906–1989) వృత్తిరీత్యా గోధుమ శాస్త్రవేత్త. భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్. ఆయన గులాబీల మీద రాసిన గ్రంథం 1966లో వచ్చింది. మైదానాల ఎండలో గులాబీ ఎలా బతుకుతుందో తెలియాలంటే ఇంగ్లండు పుస్తకాలు చాలవని అప్పటికే గ్రహించినవారిలో ఆయన ఒకరు.

నల్ల గులాబీ అనేది లేదు. ఆంథోసయనిన్ చాలా దట్టంగా పేరుకుని, రేకు పైపొర మఖమల్‌లా ఉండి వెలుగును మింగేస్తే మొగ్గ నల్లగా కనిపిస్తుంది. ‘బ్లాక్ బకారా’, ‘బ్లాక్ మ్యాజిక్’ అలాంటివి. విచ్చుకున్నాక రెండూ ముదురు ఎరుపే. టర్కీలోని హాల్ఫెటి ఊరి నల్ల గులాబీల ఫొటోల్లో చాలావరకు కంప్యూటర్ మీద నలుపు పూసినవి. ఇక ఆకుపచ్చలో రెండు దారులున్నాయి. ‘విరిడిఫ్లోరా’ అనే పాత చైనా గులాబీలో రేకులే ఉండవు, వాటి స్థానంలో ఆకులాంటి రక్షకపత్రాలు పుట్టి వారాల తరబడి రాలకుండా ఉంటాయి. అది చూడ్డానికి తమాషా మొక్కే తప్ప పూజకూ పనికిరాదు, జడలోకీ పనికిరాదు. రెండోది ‘సెయింట్ పాట్రిక్’. 1996లో అమెరికాలో వచ్చిన ఈ పసుపు గులాబీ వేడి ఎక్కువైనకొద్దీ ఆకుపచ్చ ఛాయను నిలుపుకుంటుంది. ఎండకు రంగు పోగొట్టుకునే వందల రకాల మధ్య ఎండతో మెరుగయ్యే అరుదైన మొక్క ఇది.

చారల గులాబీలు యూరప్‌లో శతాబ్దాల నుంచి ఉన్నాయి. ‘రోసా ముండి’ అందులో పెద్దది. ఆధునిక చారలకు కాలిఫోర్నియాలోని రాల్ఫ్ మూర్ మూలపురుషుడు. పొట్టి గులాబీలకూ ఆయనే. మన దేశంలో చారలు వేరే దారిన వచ్చాయి. ఢిల్లీ శాస్త్రవేత్తలు ‘కిస్ ఆఫ్ ఫైర్’ మొక్కను రేడియేషన్‌కు గురిచేసి ‘అభిసారిక’ను పొందారు. పసుపు మీద ఎర్ర గీతలు, ఏ రెండు పూలూ ఒకేలా ఉండవు. ‘గుల్జార్’ను రసాయనంతో మార్చి వంగపూ చారల ‘మధోష్’ను తీశారు. ఇలా వచ్చిన మొక్కల్లో ఒక చిక్కు ఉంది. ఎప్పుడో ఒక కొమ్మ పాత రంగుకు తిరిగిపోతుంది. చారలు లేని పువ్వు పూసిన కొమ్మను మొదట్లోనే తీసేయకపోతే అదే బలిసి మొక్కంతా ఆక్రమిస్తుంది.

రెండు రంగుల్లో ‘డబుల్ డిలైట్’ (1977) గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీగడ రంగు రేకు అంచుల్లో ఎరుపు దిగుతుంది కదా, ఆ ఎరుపు సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే పుడుతుంది. మొగ్గగా కోసి గదిలో పెడితే చాలాభాగం తెల్లగానే విచ్చుకుంటుంది. అందుకే పూర్తి నీడలో పెట్టినవాళ్లు ‘రంగు రాలేదు, మోసం చేశారు’ అనుకుంటారు. అమ్మినవాడి తప్పేమీ లేదు.

వేడి ప్రాంతాలకంటూ గులాబీలను తయారుచేయాలన్న పట్టుదల ఉన్న మనిషికి ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం ఉంది. ఎం.ఎస్. వీరరాఘవన్ ఈ రాష్ట్రంలో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందుగానే పదవి వదిలి, 1980 ప్రాంతంలో భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. నారింజ రంగు ‘కన్యాకుమారి’, వంగపూ రంగు ‘వనమాలి’, ముళ్లు లేని ‘అహింస’ ఆయనవే. చలి దేశాల గులాబీల్నే మళ్లీ మళ్లీ కలపడం మాని, మణిపూర్ కొండల్లోని ‘రోసా జైగాంటియా’, నీటి ఒడ్డున ఉష్ణమండలంలో పెరిగే ‘రోసా క్లైనోఫిల్లా’ జాతుల రక్తాన్ని ఎక్కించడం ఆయన మార్గం. ఉష్ణదేశపు గులాబీకి చైతన్యం ఉష్ణదేశపు అడవి జాతి నుంచే రావాలన్న ఆ వాదనలో బలం ఉంది. ఆ మొక్కలు మామూలు నర్సరీల్లో విరివిగా దొరకకపోవడమే లోటు.

ఎండ రంగును రెండు విధాల దెబ్బతీస్తుంది. వేడికి ఆంథోసయనిన్ తయారీ మందగిస్తుంది. తయారైనది కూడా త్వరగా విరిగిపోతుంది. పైగా మొగ్గ విచ్చుకోవడం వేగమై, రేకులు తక్కువగా, పువ్వు చిన్నదిగా వస్తుంది. కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలు తాకుతుంది. ఆ రోజుల్లో గోధుమ గులాబీ ఇటుక రంగులో పూస్తుంది. వంగపూ రంగు బూడిదలా వెలుస్తుంది. ‘నల్ల’ గులాబీ రేకుల అంచులు మాడి అట్టలా గట్టిపడతాయి, ముదురు రంగు వేడిని ఎక్కువ పీలుస్తుంది గనక. అదే మొక్క రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు దిగే డిసెంబరు, జనవరిలో వేరే మొక్కలా ఉంటుంది. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో అరుదైన గులాబీ అంటే కార్తీకం నుంచి మాఘం దాకా ఉండే వైభవమని ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. కుండీ పెంపకానికి ఇక్కడ ఇంత ప్రాధాన్యం రావడానికీ కారణం ఇదే. నేలలో నాటిన మొక్క ఎక్కడుంటే అక్కడే ఎండను భరించాలి. కుండీని జరపవచ్చు.

కొనేటప్పుడు జరిగే మోసాలు రెండు. నీలం, నలుపు, ఇంద్రధనుస్సు గులాబీల విత్తనాలంటూ పొట్లాలు అమ్ముతుంటారు. తోట గులాబీలు విత్తనం నుంచి తల్లిలా రావు, అందుకే అంటు కడతారు. ఆ పొట్లంలో ఏ గింజ ఉన్నా బొమ్మలోని పువ్వు మాత్రం రాదు. ఇక ఇంద్రధనుస్సు పువ్వు నెదర్లాండ్స్ పూల వ్యాపారం నుంచి వచ్చిన కిటుకు: తెల్ల గులాబీ కాడను నిలువుగా చీల్చి ఒక్కో పాయను ఒక్కో రంగు నీళ్లలో పెడతారు. రంగు నీళ్లు తాగిన పువ్వును గుర్తుపట్టడం తేలిక. రేకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఈనెలు ముదురుగా, ఈనెల మధ్య భాగం లేతగా ఉంటుంది. కాడ కోసిన చోట రంగు మరక కనిపిస్తుంది.

మొక్కను నవంబరు, ఫిబ్రవరి మధ్య, పువ్వు మీద ఉండగా కొనడం మేలు. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చినదైనా, బెంగళూరు వైపు నుంచి కదిరి మీదుగా వచ్చినదైనా, కట్టిన చీటీ కన్నా కంటికి కనిపించే పువ్వే నమ్మదగిన సాక్ష్యం. ఆ తర్వాత చూడాల్సింది కన్నంటు వేసిన చోటు. కాండం అడుగున చిన్న బుడిపెలా ఉంటుంది. దాని పైనుంచి కనీసం రెండు మూడు బలమైన కొమ్మలు లేచి ఉండాలి.

కుండీల్లో గులాబీ పెంచడం వెనక ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే కాలంలో స్విట్జర్లాండ్‌లోని ఒక పల్లెలో, కిటికీ చట్రాల మీద కుండీల్లో జానెడు ఎత్తు గులాబీలు పూయడం రూలే అనే సైనిక వైద్యుడి కంట పడింది. హెన్రీ కొరవోన్ అనే మొక్కల నిపుణుడు దానికి ‘రోసా రూలెటీ’ అని పేరు పెట్టారు. చైనా గులాబీల సంతతికి చెందిన ఆ మొక్క నుంచే నేటి పొట్టి గులాబీలు చాలావరకు వచ్చాయి. నిజానికి మిద్దె మీదికి అన్నిటికన్నా తగినవి ఈ పొట్టి రకాలూ గుత్తుల ఫ్లోరిబండాలూ. ఎనిమిది, పది అంగుళాల కుండీ వీటికి చాలు. ‘బ్లూ మూన్’ లాంటి పెద్ద పూల రకాలకు పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు, పద్నాలుగైతే ఇంకా మంచిది.

తడిసిన పన్నెండు అంగుళాల కుండీ ఇరవై కిలోల పైమాటే. కడప బండలు పరిచి, కింద దూలాలూ దంతెలూ వేసిన పాత మిద్దెల మీద ఈ బరువును నడిమధ్యన పెట్టకూడదు. గోడల వెంబడి, దూలం పైగా వరసన పెట్టుకోవాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు గనుల నుంచి వచ్చే ఈ నల్లబండ వేసవి మధ్యాహ్నం కాలు మోపలేనంత కాలుతుంది, సూర్యుడు దిగినా చాలాసేపు చల్లారదు. కుండీని దాని మీద నేరుగా పెడితే వేళ్లు అడుగు నుంచి ఉడుకుతాయి. మూడు ఇటుకల మీద ఎత్తి పెడితే కింద గాలి ఆడుతుంది, నీరూ కారిపోతుంది. నల్ల ప్లాస్టిక్ తొట్లు, పలుచటి సంచులు ఈ ఎండకు పనికిరావు. మట్టి కుండీ గోడ నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరుచుకుంటుంది. నీళ్లు ఎక్కువ తాగుతుందన్న మాట నిజమే గానీ ఆ ఖర్చు దండగ కాదు.

మట్టి విషయంలో ఒక్క నియమం: నల్లరేగడి వద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పొలాల్లో పత్తికీ శనగకూ బంగారంలాంటి ఆ మట్టి కుండీలోకి వస్తే తడిసినప్పుడు బురద ముద్ద, ఎండినప్పుడు బీటలు. గోడకూ మట్టికీ మధ్య చీలిక నుంచి నీళ్లన్నీ జారిపోయి మధ్యలో మట్టి పొడిగానే ఉంటుంది. పులివెందుల, వేంపల్లె కొండవారల్లో దొరికే ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు రెండు పాళ్లు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపితే సరిపోతుంది. బరువు తగ్గించాలనుకుంటే ఇసుకలో కొంత తీసి కొబ్బరి పొట్టు వేయవచ్చు, ఒకసారి మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించాక. అడుగున రంధ్రం మీద ఓటి పెంకును బోర్లించాలి.

నాటేటప్పుడు అందరూ పొరబడేది ఒకటుంది. నర్సరీ సంచిలో మొక్క వేళ్ల చుట్టూ తరచు బంకమట్టి ముద్ద గట్టిగా బిగించి ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో పెడితే చుట్టూ ఉన్న వదులు మట్టి తడుస్తుంది, లోపలి ముద్ద రాయిలా ఎండిపోతుంది. పైన తడి కనిపిస్తుంటే మొక్క ఎందుకు వాడుతోందో ఎవరికీ అంతుపట్టదు. సంచి చించాక ముద్దను బకెట్ నీళ్లలో పావుగంట ఉంచి, అంచుల బంకమట్టిని వేళ్లు తెగకుండా కరిగించాలి. అంటు బుడిపె మట్టికి రెండంగుళాలు పైన ఉండేలా నాటి, వారం రోజులు నీడన పెట్టి, ఆ తర్వాత ఎండకు తేవాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆరు గంటల ఎండ పడి, తర్వాత నీడ వచ్చే తూర్పు వైపు మిద్దె శ్రేష్ఠం.

ఈ ప్రాంతంలో గులాబీకి అసలు శత్రువు నీళ్లలో ఉంది. నేల కింద సున్నపురాయి. ‘నార్జి సున్నపురాయి’ అని భూగర్భ శాస్త్రంలో పేరున్న పొరకు ఆ పేరు కడప జిల్లాలోని నార్జి గ్రామం నుంచే వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందీ ఆ రాయి కోసమే. ఆ రాళ్ల మధ్య నుంచి తోడిన బోరు నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. నెలల తరబడి అవే పోస్తే కుండీ మట్టి క్షారంగా మారుతుంది, కుండీ గోడల మీద తెల్లని పక్కు కడుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా క్షారంలో అది కరగదు, వేరుకు అందదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఈ గుర్తు బుడ్డలు (వేరుశనగ) పండించే రైతుకు కొత్త కాదు. వైద్యమూ అదే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లటి పూట, వారం ఎడంతో రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లాలి. రేకుల మీద పడితే మరకలవుతాయి గనక పూలు కోసేశాక చల్లడం మంచిది.

నీళ్లకు సంబంధించి మరికొన్ని. ఇంట్లో ఆర్వో యంత్రం వదిలే వృథా నీళ్లు మొక్కలకు పోయడం పొదుపని చాలామంది అనుకుంటారు. యంత్రం మంచినీటి నుంచి వడగట్టిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, కుండీకి విషం. ఏసీ నుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు దాదాపు వాననీటితో సమానం, వాటిని పట్టిపెట్టుకోవచ్చు. వానాకాలంలో డ్రమ్ముల్లో పట్టిన నీళ్లు అన్నిటికన్నా మేలు. నెలకొకసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి పేరుకున్న ఉప్పును కడిగేయాలి. వేసవిలో మిద్దె మీద పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని పక్కకు వదిలి, చల్లబడ్డాకే మొక్కకు పట్టాలి. సింటెక్స్ ట్యాంకు నీళ్లయితే తెల్లవారుజామునే పోయడం ఉత్తమం.

గులాబీల గురించి ఊరూరా చెప్పుకునే చిట్కాల్లో గుడ్డు పెంకుల పొడి ముందుంటుంది. సున్నం తక్కువైన ఎర్రనేలల్లో అది ఎంతో కొంత పనిచేస్తుందేమో గానీ, సున్నపు నీళ్లు తాగుతున్న కుండీకి ఇంకా సున్నం పెట్టడం తెలివి కాదు. ఎముకల పొడికీ అదే మాట: అందులోని భాస్వరం క్షారపు మట్టిలో విడుదల కాదు. ఇక్కడ బాగా కలిసొచ్చే ఎరువు వేరుశనగ చెక్క. గానుగల దగ్గర దొరికే చెక్కను 100 గ్రాములు లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు మూతపెట్టి నానబెట్టి, పదింతల నీళ్లలో పల్చన చేసి పదిహేను రోజులకోసారి మట్టిలో పోస్తే కొమ్మ కొమ్మా చిగురిస్తుంది. కంపు మాత్రం వీధి చివరి దాకా పోతుంది. సాయంత్రం చుట్టాలొచ్చే రోజున ఆ పని పెట్టుకోకపోవడం మంచిది. అరటి, చీనీ తోటలకు డ్రిప్పులో వదిలే 19-19-19 ఎరువు పులివెందుల అంగళ్లలో సులువుగా దొరుకుతుంది. లీటరుకు 2, 3 గ్రాములకు మించకుండా నెలకొకసారి ఇవ్వవచ్చు. బుడ్డల పొట్టునో ఎండిన అరటాకు ముక్కలనో మట్టి మీద రెండంగుళాల మందాన పరిస్తే తడి ఆరదు.

పెద్ద కత్తిరింపు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో చేయాలి. ప్రొద్దుటూరు దసరా సంబరం ముగిసే రోజులు ఇందుకు సరిగ్గా కుదురుతాయి. ఎండిన, సన్నని, లోపలికి పెరిగిన కొమ్మలు తీసేసి, మిగిలినవాటిని సగానికి దించి, బయటివైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోయాలి. చలి దేశాల్లోలా జానెడు మోడు మిగిల్చి నరకడం ఈ వాతావరణంలో మొక్కకు ప్రమాదం. కోసిన చోట బోర్డో పేస్టు పూయకపోతే అక్కణ్నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుతూ పోతుంది. కత్తిరించిన నలభై అయిదు, యాభై రోజులకు మొదటి పూత వస్తుంది. ఆ పూతలోనే ‘మోహిని’ అసలు రంగు, ‘బ్లూ మూన్’ అసలు రంగు కనిపిస్తాయి. వంగపూ రంగు పువ్వును సగం విచ్చుకున్నప్పుడు కోసి ఇంట్లో పెట్టుకుంటే ఛాయ మరో రెండు రోజులు నిలుస్తుంది.

మార్చి నుంచి కథ మారుతుంది. యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వలను పడమటి వైపు, పైనా కట్టాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మొక్కను పూలడగడం అన్యాయం. ఏప్రిల్, మే నెలల్లో మొగ్గలను గిల్లేస్తే మొక్క తన బలాన్ని వేళ్లలో దాచుకుంటుంది. ఈ కాలంలో కత్తిరింపు, ఎరువు రెండూ ఆపాలి. ఎర్రనల్లి వచ్చేదీ అప్పుడే. ఆకు పైన సూది పొడిచినట్టు లేత చుక్కలు, కింద సన్నని బూజు దారాలు కనిపిస్తే మందు కోసం పరిగెత్తనక్కర్లేదు. వారానికి మూడుసార్లు పొద్దున్నే ఆకుల అడుగుభాగానికి నీళ్లు జోరుగా కొడితే చాలావరకు పోతుంది. తామర పురుగు అంతకన్నా మొండిది. మిరప, ఉల్లి చేల నుంచి గాలితో పాటు వస్తుంది. తెలుపు, పసుపు, వంగపూ రంగుల మొగ్గలను ఏరికోరి పడుతుంది. రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మొగ్గ విచ్చుకోదు. నీలిరంగు జిగురు అట్టలు వేలాడదీసి, పాడైన మొగ్గలను ఎప్పటికప్పుడు తెంపి మిద్దె దాటించాలి. చలికాలంలో చిగుళ్ల మీద తెల్లగా పడే బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం మందు. దాన్ని వేసవిలో కొడితే ఆకులు మాడతాయి.

‘కొన్నప్పుడు వంగపూ రంగు, రెండేళ్లకు చిన్న చిన్న తెల్లపూలు’ అన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. రంగు మారలేదు, మొక్క మారింది. అంటుకు వేరు మూలంగా వాడేది వేరే రకం గులాబీ. ఎడ్వర్డ్ గులాబీ, మల్టీఫ్లోరా అలాంటివి. అంటు బుడిపె కింది నుంచి పిలక లేచి, దాన్ని కొత్త కొమ్మ అని మురిసి వదిలేస్తే ఏడాదిలో అది పై మొక్కను చంపేస్తుంది. లేత ఆకుపచ్చగా, తిన్నగా, అతి వేగంగా పెరగడం దాని గుర్తు. కత్తెరతో కోస్తే మళ్లీ వస్తుంది. మట్టి తవ్వి, పుట్టిన చోట పట్టుకుని, కిందికి లాగి పెరికేయాలి.

రెండేళ్లకొకసారి అక్టోబరు కత్తిరింపు సమయంలోనే కుండీ మట్టి మార్చాలి. ముందురోజు నీళ్లు ఆపి, కుండీని పక్కకు వాల్చి తట్టితే ముద్ద ఊడివస్తుంది. గోడకు చుట్టలుగా పెనవేసుకున్న వేళ్లను, తెల్ల పక్కు కట్టిన పైమట్టిని మూడో వంతు దాకా చెక్కేసి, కొత్త మట్టితో అదే కుండీలోనో అంగుళం పెద్ద దాంట్లోనో పెట్టి, చిగుళ్లు కనిపించే దాకా పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచాలి.